పేర్ల కాయితం

సజ్జ అంటే మాకు రొట్టె.
ఇక్కడ అది లేబర్ క్యాంపు పేరు,
షార్జా దాటినంక, సిమెంటు లారీలు తిరిగే దిక్కు.

క్యాంపు బాసు నా చేతికి కాయితమిచ్చిండు.
"నీ రాత మంచిగుంటది, సూదికి ఎవరెవరొస్తరో రాయి.
శుక్రారం పొద్దుగాల బస్సు."
రూముకు పన్నెండు మంది, పదకొండు రూములు తిరిగిన.
నాలుగు పేర్లు.

రానోళ్ల మాటలు రాసేందుకు కాయితంల గడి లేదు,
అందుకే గుర్తు పెట్టుకున్న.
జ్వరమొస్తే రెండు దినాల జీతం నీ బాసు ఇస్తడా, అన్నడొకడు.
కొత్తగ పెండ్లయిన పిల్లగాడు దుప్పటి నెత్తి మీదికి గుంజుకున్నడు;
అత్తగారి ఊరి గ్రూపుల ఏదో వీడియో తిరుగుతున్నదట.
"చీనాదా, వేరేదా?" నేపాలీ థాపా అడిగిండు,
టీవీ కొనేటప్పుడు అడిగినట్టే.

మూడో నంబర్ రూముల, కింది మంచం కింద
కొమురెల్లి చెప్పులు ఇంకా ఉన్నయి.
ఏప్రిల్ల అంబులెన్సు వచ్చిననాడు బూట్లేసుకున్నడు,
దవాఖానకు పోతున్న గద, మంచిగుండాలె అని.
ఆ మంచం మీద ఎవ్వలు పండరు,
బ్యాగులు సుత పెట్టరు.
నా నాలుగు పేర్లల్ల మూడు ఆ రూమువే.

వంటాయన దుబ్బరాజం ఎవ్వలకు చెప్పకుంట ముందే పోయొచ్చిండు.
తెల్లారి మూడింటికి ఎప్పటిలెక్కనే పిండి పిసికిండు.
ఆ దినం లైన్ల నిలవడ్డోళ్లు
చపాతీల దిక్కు చూసింది తక్కువ, ఆయన ఎడమ చెయ్యి దిక్కు ఎక్కువ.
పొద్దుమీకేసరికి పేర్లు ముప్పై ఒకటి.
గోడకు అంటించిన నాలుగు భాషల పోస్టరు
ఒక్క పేరు తేలే.

రాజలింగు మాత్రం కదలలే.
"సూదికి భయపడ్తనా? పదేండ్లు పరంజి మీద నిలవడ్డోన్ని.
ఆడ సంతకం పెట్టాలె గద, అది అరబ్బీల ఉంటది గద.
పోయినపారి అరబ్బీ కాయితం మీద వేలు పెడ్తే
పన్నెండు నూర్ల జీతం తొమ్మిది నూర్లయింది.
మందు మీద నమ్మకముంది బిడ్డా,
కాయితం మీదనే లేదు."
బాసు నా చేతిలకెళ్లి పెన్ను గుంజుకొని
ఆయన పేరు తనే రాసిండు, కింద, వంకరగ.

నా పేరు రాసుకునే వీలు నాకు లేకుండె.
పాత కంపెనీ ఇడిసొచ్చినోన్ని, కార్డు తారీకు దాటి పద్నాలుగు నెలలు,
ఖల్లివల్లి.
దోస్తు మంచం మీద వంతులేసుకొని పండేటోన్ని;
బాసుకు ఎరుకే, ఎరుక లేనట్టుంటడు.
దగ్గొస్తే దవాఖాన గేటు దాటలేనోడు
సూది గాక ఇంకేం కోరుకుంటడు?

శుక్రారం. బస్సు ఇంజను ఆపలే.
పఠాను డ్రైవర్ లెక్కపెట్టిండు, ఒకటి తక్కువ.
మెట్ల మీద సిగరెట్ కాల్చుకుంట కూసున్న రాజలింగు
లేచొచ్చి, తన కార్డు నా అంగి జేబుల ఏసిండు.
"మాస్కు పెట్టినంక అందరి మొగం ఒక్కటే. పో."

పెండ్లిళ్లు చేసే హాలది. నెత్తి మీద బంగారి దీపాలు.
ఫిలిప్పీను నర్సమ్మ "రాజలింగు" అని పిలిస్తే
రెండోసారికి గాని లేవలే నేను.
కాయితం. అరబ్బీ.
పెన్ను పట్టినంక యాదికొచ్చింది, ఆయనది వేలిముద్ర.
బొటనవేలు సిరాల ముంచిన.

సూది నా భుజానికి,
మెసేజ్ ఆయన ఫోనుకు.

రాత్రి నాకు జ్వరం.
రాజలింగు తడిగుడ్డ నుదుటి మీద మారుస్తనే ఉన్నడు,
తనకు రావలసిన జ్వరాన్ని చూస్తున్నట్టు.
తెల్లారంగ, పక్క మంచం వాళ్లకు ఇనవడకుంట అడిగిండు:
"ఆ కాయితంల ఏం రాసున్నదిరా?"

నాకు సుత అరబ్బీ రాదు.
"ఏం లేదు కాకా. ఇరవై ఒక్క దినాలకు మళ్ల రమ్మన్నరు."

ఆయన ఎడమ చెయ్యి అంగి భుజందాకా మలిచి చూసుకున్నడు.
పాత సున్నం మచ్చ తప్ప ఏం లేదాడ.
"అప్పటిదాకా చూస్తం" అన్నడు,
అంగి కిందికి దించకుండనే.